కప్పుట వేఱు, కాపాడుట వేఱు

సైకిలు ఫ్రేమునకు పారదర్శకపు పొర నంటించు విధము

మన గృహములలోనికి క్రొత్త వస్తువు వచ్చినతోడనే దానిపై నేదైన నొక కప్పు వేయుట ఆచారమైనది. సోఫాకు గలేబు, టీవీ రిమోటునకు ప్లాస్టిక్కు సంచి, ఫ్రిజ్జుపై అల్లిక గుడ్డ, క్రొత్త కుర్చీలకు దుకాణమువారు చుట్టి పంపిన పలుచని ప్లాస్టిక్కు, వీనిని తీయుటకు మనకు చేతులు రావు. అమ్మాయి బడికి పోవుటకై కొన్న సైకిలునకును ఇదే గతి పట్టుచున్నది. దాని గొట్టములకు చుట్టి వచ్చిన ప్లాస్టిక్కు పీలికలై వ్రేలాడువఱకు తీయక యుంచు ఇండ్లెన్నియో కలవు. ఏల తీయరని యడిగినచో, "తీసిన రంగు పోవును గదా" యని బదులు చెప్పుదురు. నిజమునకు రంగును పాడుచేయునది ఆ ప్లాస్టిక్కే. వాన నీరును, కడిగిన నీరును దాని సందులలో దూఱి, వెలికి రాలేక, గాలికి ఆఱలేక, దినముల తరబడి లోపలనే నిలిచియుండును. పైకి క్రొత్తదివలె కనబడు సైకిలు లోలోపల తుప్పుపట్టుచుండును.

కప్పుట వేఱు, కాపాడుట వేఱు. ఈ భేదమును సైకిలు నిమిత్తముగా సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి. గొట్టములతో కూర్చిన సైకిలు చట్రమునకు, అనగా ఫ్రేమునకు, కంటికి కనబడీ కనబడని యొక పొర నంటించి, రంగును దాని క్రింది ఇనుమును ఏండ్ల తరబడి కాపాడు విద్య యొకటి నేడు వాడుకలో నున్నది. ఒక ఉదయపు ఓపిక యున్నచో దీనిని మనమే యింటిలో చేసికొనవచ్చును.

సైకిలు మాట స్త్రీల పత్రికలో నేల?

ఇది మగవారు చూచుకొనవలసిన పని గదా, మనకేల యని కొందఱనవచ్చును. వారి కొక చిన్న వృత్తాంతము చెప్పుదుము. బీహారు రాష్ట్రమున 2006వ సంవత్సరమున, తొమ్మిదవ తరగతిలో చేరు బాలికలకు సైకిలు కొనుటకై ప్రభుత్వము ధనమిచ్చు పథకము నారంభించెను. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అను అర్థశాస్త్రవేత్తలు దాని ఫలితమును పరిశోధించి 2017లో ప్రకటించిరి. తగిన వయసున ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య 32 శాతము పెరిగెననియు, చేరికలో బాలురకును బాలికలకును గల వ్యత్యాసము 40 శాతము తగ్గెననియు వారు కనుగొనిరి. పాఠశాల 3 కిలోమీటర్లకు మించి దూరముననున్న గ్రామములలోనే ఈ మేలు హెచ్చుగా కనబడెను. అంతకు ముందే, 1990ల ఆరంభమున, తమిళనాట పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతోద్యమముతో పాటు వేలకొలది గ్రామీణ స్త్రీలు సైకిలు తొక్కుట నేర్చిరి. మన ఆంధ్రప్రదేశమునను 2017వ సంవత్సర ప్రాంతమున 'బడికొస్తా' యను పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచిరి.

కావున సైకిలనగా ఆడపిల్లకు రెండు చక్రముల బండి మాత్రమే కాదు. తన యూరికిని ఉన్నత పాఠశాలకును నడుమగల దూరమును జయించు సాధనము. రంగు లేచినంతనే సైకిలు నిలిచిపోదు, నిజమే. కాని రంగు లేచిన చోట తుప్పు పట్టును. తుప్పు పట్టిన చోట మరలు బిగిసిపోవును, పట్టీలు విఱుగును. పిదప "ఇది పాతదైపోయినది, దీనికింకను ఖర్చు పెట్టనేల" యను నిరాదరణము వచ్చును. మగపిల్లవాని బండి చెడినచో ఆ సాయంకాలమే బాగుచేయింతురు. ఆడపిల్ల సైకిలు చెడినచో "ఈ నెల కానిమ్ము" అందురు. ఆ నెలలో ఎన్ని దినముల చదువు పోవునో లెక్కించువారు తక్కువ. అక్క తొక్కిన సైకిలు చెల్లెలికి చెక్కుచెదరక అందవలెనన్నచో, దాని ఒంటిని మొదటి దినము నుండియే చూచుకొనవలెను.

తుప్పు ఎట్లు పుట్టును?

మన బాలికలు తొక్కు సైకిళ్లలో అధికభాగము ఉక్కు గొట్టములతో చేసినవి. ఇనుమునకు గాలిలోని ప్రాణవాయువును నీటి తేమయు కలిసి తగిలినప్పుడు తుప్పు పుట్టును. రెండింటిలో నొకటి లేకున్నను పుట్టదు. ఉప్పు తోడైనచో ఈ పని మఱింత త్వరగా సాగును. కావుననే విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రపు గాలి తగులు ఊళ్లలో కిటికీ చువ్వలు సైతము త్వరగా చెడును. తుప్పు తనకు పుట్టుక నిచ్చిన ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును. అందువలన అది రంగు క్రిందనే పెరిగి, పైనున్న రంగును పొక్కువలె లేపి, ప్రక్కనున్న ఇనుమునకు నీటిని చేర్చును. గోరంత గాయము కొండంత యగుట ఇట్లే.

లోహములలో కొన్ని కర్ణునివలె సహజకవచము గలవి. అల్యూమినియమునకు గాలి తగిలినంతనే కంటికి కనబడని గట్టి పొర యొకటి పైన నేర్పడి, లోపలి లోహమును కాపాడును. ఢిల్లీలో కుతుబ్ మీనారు చెంతనున్న గుప్తుల కాలపు ఇనుప స్తంభము దాదాపు 1600 ఏండ్లుగా ఎండవానలకు నిలిచియున్నది. అందలి ఇనుములో భాస్వరము హెచ్చుగా నుండుటచే పైభాగమున రక్షకమైన పొర యేర్పడినదని శాస్త్రజ్ఞులు కారణము చెప్పుదురు. సైకిలు గొట్టపు ఉక్కునకు అట్టి వరము లేదు. దానికి రంగే కవచము. ఆ కవచము పెళుసైనది కావున దానికి మఱియొక కవచము కావలసివచ్చినది.

ఈ పొర యెట్టిది?

ఈ పొర పాలియురిథేను అను పదార్థముతో చేసినది. పాలియురిథేన్లను 1937లో జర్మనీ దేశమున ఒట్టో బేయరు అను రసాయన శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును కనుగొనిరి. మన పరుపులలోని స్పాంజియు, కొన్ని చెప్పుల అట్టలును ఈ జాతివే. వియత్నాము యుద్ధకాలమున, హెలికాప్టరు రెక్కల అంచులను ఇసుకయు రాళ్లును కొట్టి పాడుచేయకుండుటకై అమెరికా సైన్యమువారు ఇట్టి పారదర్శకపు పొరను వాడిరి. అందుచేత సైకిలు ప్రియులు నేటికిని దీనిని 'హెలికాప్టరు టేపు' అని పిలుచుచుందురు. పిదప అది కారుల రంగును కాపాడుటకును, సైకిళ్లకును వచ్చెను. మన పట్టణములలో కారులకు దీనిని వేయువారు 'పీపీఎఫ్' అందురు.

దీని బలము గట్టిదనమున లేదు, మెత్తదనమున నున్నది. రాయి వచ్చి తగిలినప్పుడు రంగు పెచ్చులూడును; ఈ పొరయో ఇంచుక లొంగి, దెబ్బను తనలో నణచుకొని, మఱల యథాస్థితికి వచ్చును. మేలైన రకములలో సన్నని గీతలు ఎండవేడికి తమంత తామే పూడుకొనును. దీని మందము సాధారణముగా 150 నుండి 200 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో నైదవ వంతునకు మించదు. అడుగున జిగురు పూత యుండును. దానిని కాపాడుటకు ఊడదీయదగిన కాగితము అంటియుండును. జిగురు అన్ని వైపులను రంగును పట్టుకొనియుండుటచే నీటికి సందు దొరకదు. దుకాణమువారు వదులుగా చుట్టిన ప్లాస్టిక్కునకును దీనికిని గల భేదమంతయు నిందే యున్నది.

రేడియం స్టిక్కరుల దుకాణములలో దొరకు వినైలు పొర వేఱు. అది పలుచన, గీతల నుండి కొంత కాపాడునే గాని రాతిదెబ్బ కాగదు, ఎండకు త్వరగా పసుపువన్నెకు తిరిగి పెళుసగును. ఐనను ఏమియు లేనిదానికంటె మేలు. కారులకు పొర వేయు దుకాణములలో కత్తిరింపగా మిగిలిన ముక్కలుండును. సైకిలునకు కావలసినవి జానెడు, మూరెడు ముక్కలే గావున, వాని నడిగి తెచ్చుకొనుట పొదుపైన మార్గము.

ఎచ్చట అంటింపవలెను?

మహాభారతమున ఆనుశాసనిక పర్వమునందు దుర్వాసుని కథ కలదు. ఆ ముని తాను తినగా మిగిలిన పాయసమును ఒడలెల్ల పూసికొనుమని శ్రీకృష్ణున కాజ్ఞాపించెను. కృష్ణుడు సర్వాంగములకును పూసికొనెను గాని అరికాళ్లకు పూసికొనలేదు. పాయసము తగిలినంతమేర నీకు మృత్యుభయము లేదనిన ముని, అరికాళ్లను విడుచుట తనకు ప్రియము కాలేదనెను. మౌసల పర్వమున జరుడను వేటకాని బాణము వచ్చి తగిలినది ఆ పాదమునకే. సైకిలు విషయమునను ఇంతే. కనబడు చోట్లకెల్ల పొర వేసి, దెబ్బ తగులు చోటును విడిచినచో ఫలము లేదు. ఆ చోట్లను కనుగొనుటకు పెద్ద విద్య యక్కఱలేదు. బడి వాకిట వరుసగా నిలిపిన బాలికల సైకిళ్లను పరికించి చూచినచో, గాయములు అన్నింటికి నొక్క చోటులనే యుండుట మేము గమనించితిమి.

మొదటిది, హ్యాండిలు క్రిందనున్న పొట్టి గొట్టము. హ్యాండిలు త్రిప్పినప్పుడెల్ల బ్రేకు తీగల తొడుగులు ఇచ్చట ఒరయుచుండును. తొడుగు మెత్తనిదైనను, దానిపై చేరిన ధూళి గరుకు కాగితమువలె పనిచేసి రంగును తినివేయును. బాలికల సైకిళ్లకు ముందు బుట్ట యుండును గావున, పుస్తకముల బరువుతో ఊగు ఆ బుట్ట కూడ ఇచ్చటనే రాచుకొనును.

రెండవది, హ్యాండిలు నుండి పెడళ్ల వైపునకు వాలిన దిగువ గొట్టపు అడుగుభాగము. ముందు చక్రము లేపిన గులకరాళ్లును బురదయు దీనికే తగులును. వంగి చూచినగాని కనబడదు గావున, దీనిని తఱచుగా మఱచిపోవుదురు. దుర్వాసుడు చెప్పిన అరికాలు ఇదియే యనవచ్చును.

మూడవది, పెడళ్ల నుండి వెనుక చక్రమునకు పోవు కుడివైపు గొట్టము. గుంతల దారిలో చైను ఎగిరిపడి దీనిని కొట్టును. చైను అంతయు కవరులో మూసియున్న సైకిళ్లకు ఈ బెడద యుండదు.

నాలుగవది, ఎక్కునప్పుడు కాలు దాటించు చోటు. ఆడవారి సైకిలునకు పైగొట్టము క్రిందికి దింపబడియుండును గదా. చెప్పు అంచు దానికి తగులుచుండును.

ఐదవది, తాళపు గొలుసు వ్రేలాడి కొట్టుకొను చోటును, గోడకో చెట్టునకో ఆనించునప్పుడు రాచుకొను చోటును. ఈ ఐదింటికి వేసినచో చాలును. ఫ్రేమంతయు కప్పవలసిన పని లేదు.

కావలసిన సామగ్రి

పొర ముక్కలు, పదునైన కత్తెర, కాగితము, దారము, పెన్సిలు, నీళ్లు చిమ్ము సీసాలు రెండు, పసిపిల్లలకు వాడు షాంపూ, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, పోగులు రాలని మెత్తని గుడ్డలు, గుడ్డ చుట్టిన పాత ఏటీఎం కార్డొకటి, జుట్టు ఆఱబెట్టుకొను డ్రయ్యరు. ఇంతకుమించి యేమియు నక్కఱలేదు.

ఒక సీసాలో అర లీటరు నీరు పోసి, మూడు నాలుగు చుక్కల షాంపూ కలుపవలెను. దీనిని జాఱు నీరందము. పొర దీనిపై జాఱుచు, మనము కోరిన చోటికి కదలును. రెండవ సీసాలో మూడు పాళ్లు నీటికి ఒక పాలు ఆల్కహాలు కలుపవలెను. ఇది పట్టు నీరు. సబ్బు జాఱుడును తొలగించి జిగురు పట్టుకొనునట్లు చేయును. ఆల్కహాలు ఇట్టే మండును గావున పొయ్యికిని దీపమునకును దూరముగా, కిటికీలు తెఱచి వాడవలెను. పసివారి చేతి కందనీయరాదు.

చేయు విధము

మొదట కాలము, చోటు. ఎండలో కాగిన గొట్టమునకు జిగురు తాకినంతనే పట్టుకొని కదలనీయదు. వానదినములలో తేమ ఆఱదు. కావున వానలేని దినమున, చల్లని ఉదయవేళ, ఇంటి లోపల చేయుట మేలు. నేల ఊడ్చి తడిగుడ్డ పెట్టి, ధూళి అణగిన పిదప సైకిలును లోనికి తేవలెను. పంకా ఆపవలెను, లేనిచో లేచిన ధూళి జిగురుపై వ్రాలును.

పిమ్మట శుద్ధి. ఈ పనిలో ముప్పాతిక భాగము కడుగుటయందే యున్నది. చుట్టి వచ్చిన ప్లాస్టిక్కును పూర్తిగా తీసివేయవలెను. ముందుగా నీటిధారతో మట్టిని జాఱవిడువవలెను. పొడిగుడ్డతో రుద్దినచో ఆ మట్టియే రంగును గీయును. చైను నూనె చిందిన చోట గిన్నెలు తోము ద్రవపు సబ్బుతో కడిగి, మంచినీటితో మఱల కడిగి, మూలమూలలను తుడిచి ఆఱనీయవలెను. తుదకు ఆల్కహాలు తడిపిన గుడ్డతో పొర వేయు చోటును తుడువవలెను. ఆ తరువాత అచ్చట వ్రేలు పెట్టరాదు. తలకు నూనె రాచుకొనిన చేయి మెటికంత చోట తగిలినను అచ్చట జిగురు పట్టదు.

ఇంతకు మునుపే రంగు లేచి తుప్పు కనబడినచో, దానిపై పొర వేయరాదు. లోపలి తుప్పునకు పైపూత మందు కాదు. సన్నని గరుకు కాగితముతో తుప్పును గీకి, మెఱయు ఇనుము కనబడిన పిదప తుప్పు నాపు ప్రైమరు పూసి, దానిపై రంగు వేసి, సుమారు నెల దినములు ఆఱనిచ్చి అప్పుడు పొర వేయవలెను. పచ్చి రంగుపై వేసినచో లోపలి ఆవిరి వెలికి రాలేక బుడగలు లేచును. పిదప పొర తీయబోయినచో రంగు కూడ లేచివచ్చును.

తరువాత కొలత. రవిక కుట్టుకొను సోదరీమణులకు ఇది చెప్పవలసిన పని లేదు. గుడ్డపై కత్తెర పెట్టుటకు ముందు కాగితముపై గీచికొందుము గదా, ఇచ్చటను అంతే. గొట్టము చుట్టును దారము త్రిప్పి కొలిచినచో చుట్టుకొలత తెలియును. ఒక అంగుళము అడ్డుకొలత గల గొట్టమునకు అది 3 అంగుళములకు పైచిలుకు. పొరను గొట్టము చుట్టును పూర్తిగా త్రిప్పి అంచుపై అంచు వేయరాదు. ఆ కలయికలో ధూళి చేరి నల్లని గీత యగును. దెబ్బ తగులు వైపు సగము కప్పి, మిగిలినది విడిచినచో చాలును. కాగితపు నమూనాను గొట్టముపై పెట్టి సరిచూచుకొని, దాని ప్రకారము పొరను కత్తిరింపవలెను. నాలుగు మూలలను గుండ్రముగా కత్తిరించుట మఱవరాదు. కోసుగా నున్న మూల బట్టకో వ్రేలికో తగిలి మొదట లేచును. గుండ్రని మూలకు పట్టు దొరకదు. ఫ్రేముపై పెట్టి చాకుతో కోయుట మాత్రము ఎన్నడును కూడదు. ఆ కోత రంగును దాటి ఇనుము వఱకు దిగును.

ఇక అంటించుట. గొట్టముపై జాఱు నీరు ధారాళముగా చిమ్మవలెను. వ్రేళ్లను గూడ ఆ నీటిలో తడుపుకొని, కాగితము నూడదీసి, జిగురు వైపునను చిమ్మవలెను. తడి వ్రేలి గుర్తు జిగురుపై పడదు. పొరను గొట్టముపై పఱచి, జరుపుచు, సరియైన చోటికి తేవలెను. నడుమ నొక గీతగా ఒత్తి, అచ్చటి నుండి రెండు వైపులకును గుడ్డ చుట్టిన కార్డుతో నీటిని వెలికి నెట్టవలెను. అంచులనుండి నడుమకు ఒత్తినచో నీరు లోపల చిక్కుకొనును. అంచులు నిలువకున్నచో, వానిని కొంచెమెత్తి పట్టు నీరు చిమ్మి, నిమిషమాగి మఱల ఒత్తవలెను.

వంపులవద్ద పొర మడతపడును. అప్పుడు డ్రయ్యరుతో దూరము నుండి గోరువెచ్చని గాలి పట్టించినచో పొర మెత్తబడి వంపున కనుగుణముగా సాగును. సాగునుగదా యని మితిమీరి లాగరాదు. బలవంతముగా లాగి అంటించినది చల్లారిన పిదప తన పూర్వపు కొలతకు పోజూచి అంచులు లేపుకొనును. నిదానమే ప్రధానమను సామెత ఇచ్చట అక్షరాల నిజము.

చిన్న చిన్న నీటిబుడగలు మిగిలినచో దిగులు పడనక్కఱలేదు. కొన్ని దినములలో అవి తమంత తామే ఆఱిపోవును. గాలిబుడగ మాత్రము పోదు. దానిని సన్నని సూదితో ఒక అంచున పొడిచి ఒత్తవలెను. ధూళికణమో వెండ్రుకయో చిక్కినచో ఆ మేరకు పొర నెత్తి, జాఱు నీటితో కడిగి, మఱల వేయవలెను. పని ముగిసిన పిదప ఒక దినమంతయు సైకిలును కదల్చక, రెండు దినములు వానకు తడవనీయక యుంచవలెను. వారము దినముల వఱకు గట్టి నీటిధారతో కడుగరాదు.

చేయరాని పనులు

చక్రపు రిమ్మునకు, బ్రేకు రబ్బరు తగులు చోటునకు పొర వేయరాదు. బ్రేకు పట్టక ప్రమాదమగును. ఎఱ్ఱని రిఫ్లెక్టరులపైన వేయరాదు. గొట్టములకు అడుగున చిన్న రంధ్రములుండును. లోపల చేరిన నీరు పోవుటకై యవి యుంచబడినవి, వానిని మూయరాదు. మెఱుగులేని రంగు గల సైకిలునకు మామూలు పొర వేసినచో అతుకు వేసినట్లు ఆ చోటు మాత్రము మెఱయును; అట్టి రంగునకు మెఱుగులేని పొర వేఱుగ దొరకును. వంటింటిలో వాడు పలుచని ప్లాస్టిక్కు కాగితము, పుస్తకములకు వేయు అట్ట ప్లాస్టిక్కు ఇందుకు పనికిరావు. కరెంటు పనివారి నల్లటేపు మన ఎండలకు కరిగి జిగురు కారును. పొర దొరకనిచో, చైను ఎగిరి కొట్టు గొట్టమునకు పాత ట్యూబు ముక్కను బిగువుగా చుట్టుట పూర్వము నుండి వాడుకలోనున్న ఉపాయము. ఐతే వాన వెలిసిన పిదప దానిని విప్పి ఆఱబెట్టుచుండవలెను.

నెలకొకమాఱు అంచులను వ్రేలితో తడివి చూడవలెను. లేచిన అంచును వెంటనే సరిచేసినచో మేలు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న లాభమేమి? పొర ఎల్లకాలము నిలుచునది కాదు. కొన్నేండ్లకు పసుపెక్కినను, చిరిగినను, డ్రయ్యరుతో వెచ్చచేసి, ఒక మూల పట్టి, ఫ్రేమునకు సమీపముగా వంచి మెల్లమెల్లగా లాగినచో వచ్చివేయును. చల్లగా నున్నప్పుడు పైకి గుంజినచో పేరు వ్రాసిన స్టిక్కరులును, బలహీనమైన రంగును దానితో వచ్చును. తీసిన చోట రంగు మొదటి దినమున నున్నట్లే కనబడినచో, ఆ పొర తన పని తాను చేసినదని తెలిసికొనవలెను.

అమ్మాయి చేతనే

ఈ పనిని అన్నకో తమ్మునికో అప్పగింపక, సైకిలు తొక్కు అమ్మాయి చేతనే చేయించుట మంచిది. కొలత గీచుకొనుట, కత్తిరించుట, మడత పడకుండ పఱచుట, ఇవన్నియు ఆడపిల్లల చేతి కలవాటైన పనులే. పొర వేయుటకై ఫ్రేమంతయు తడివి చూచిన పిల్ల, ఏ తీగ ఎచ్చట ఒరయుచున్నదో, ఏ మర వదులైనదో, బ్రేకు రబ్బరు ఎంత అరిగినదో కనిపెట్టును. దారిలో సైకిలు మొరాయించినప్పుడు భయపడక చూచుకొనును. పదిమంది పిల్లలు కలిసి ఒక సెలవు దినమున చేసికొన్నచో ఒకే పొర ముక్క అందఱికి సరిపోవును. ఒకరు పట్టుకొనగా మఱియొకరు ఒత్తవచ్చును.

ఒక్క మాట మాత్రము తల్లులు మనసున నుంచుకొనవలెను. కవచము తొడిగించుట బయటికి పంపుటకే గాని లోపల దాచుటకు గాదు. చక్కగా పొర వేసిన సైకిలును, గీత పడునేమో యని తాళము వేసి వరండాలో నిలుపు ఇండ్లు కలవు. తొక్కని సైకిలు టైర్లు పగులును, చైను బిగియును. దానిని ఏ పొరయు కాపాడలేదు. ఆడపిల్లల విషయమునను మనవారు చాలకాలము కప్పుటనే కాపాడుట యనుకొనిరి. దారి మంచిది కాదని పిల్లను మాన్పించుటకంటె, పదిమంది కలిసి పోవునట్లు కూర్చుటయు, సైకిలును బాగుగా నుంచుటయు, అది చెడినచో తానే బాగుచేసికొనుట నేర్పుటయు నిజమైన రక్షణము. పొర సుగుణము గూడ నిదియే. అది అంటియుండును గాని అడ్డుపడదు, లోపలి రంగును మఱుగుపఱపదు.

వేసవి సెలవులలో పిల్లలు ఇంటిపట్టుననే యుందురు. ఉదయములు తీరికగా నుండును. జూన్ మాసమున బడులు తెఱచి, వానలు మొదలగులోపల ఈ పని ముగించుకొన్నచో, ఆ యేటి బురదయు గులకరాళ్లును ఆ సైకిలు నేమియు చేయజాలవు. ముందుగా, ఇంటిలోని సైకిలునకు చుట్టియున్న ఆ పాత ప్లాస్టిక్కు పీలికలను నేడే ఊడదీసి, క్రింద నీరు నిలిచియున్నదేమో తుడిచి చూడుడు.